వణుకు

జూ పార్కులో కొండచిలువ గుడ్లు పెట్టిన ఏడాది
రాత్రి డ్యూటీ నాది.
ముప్పైనాలుగు గుడ్లు. కుప్పగా పోసుకొని
చుట్టూ చుట్టలు చుట్టి, పైన తల ఆనించి పడుకునింది.
కోడిని వేస్తే మూతి తిప్పుకునేది.

వైశాఖంలో గాలివాన కొట్టి
శేషాచలం మీంచి చల్లగాలి దిగిన రాత్రి
టార్చి వేసి చూస్తే, పాము వణకతా ఉండాది.
జొరమేమో అని డాక్టరు సారుకి ఫోన్ చేస్తి.
నిద్రమత్తులోనే నవ్వినాడాయన.
"సొంత వేడి లేని జీవం నాయనా అది.
వణికి వణికి పుట్టిస్తా ఉండాది గుడ్లకి.
నువ్వు ముందు లైటార్పు."

ఇంటికి పోయి చెంగమ్మకి చెప్తి.
అప్పుడామెకి ఆరో నెల.
నక్షత్ర తాబేలు మట్టి కప్పేసి పోతాదని,
తలకోన బండ సందులో బంగారు బల్లి
రెండు గుడ్లు అతికించి పోతే
వాటికి అమ్మా నాయనా ఎండేనని.
"అవే నయం, ఉయ్యాల కొనే పని లే" అనింది.
మళ్లీ కాసేపటికి, గోడకి తిరిగి పడుకొని,
"ఆ పాము ఏమన్నా తినిందా?" అనింది.

ఏడో నెలలోనే నొప్పులు.
బీపీ పెరిగి చెంగమ్మ ఐసీయూలో,
కిలో రెండొందల గ్రాముల బిడ్డ ఇంకో అంతస్తులో.
"ఒళ్లు చల్లబడిపోతా ఉంది, తనంతట తాను వేడి నిలుపుకోలేదు.
చొక్కా విప్పు" అనింది ఫిలోమినా సిస్టర్.
"నేనా?"
"నువ్వు కాక, వాచ్‌మనా?"

నెత్తిన టోపీ, కాళ్లకి మేజోళ్లు,
తతిమ్మాదంతా ఉత్త చర్మం.
తుండుగుడ్డతో నా ఎదకి కట్టేసింది.
బల్లిపిల్ల మాదిరి అతుక్కునింది బిడ్డ.
నోరు తెరిచి అటూ ఇటూ వెతికింది.
పుంగనూరు ఆవుకైనా పొదుగుంటాది,
నాకాడ ఏముండాది తల్లీ?
తొంభైఎనిమిది డిగ్రీలు. అంతే.

పై అంతస్తులో ఎవరో పరుగెత్తిన చప్పుడు.
అప్పుడు మొదలైంది నాకు,
దవడ కాడ, భుజాల కాడ, ఆపినా ఆగకుండా.
"ఏసీ ఎక్కువైందా?" అనింది సిస్టర్.
తల ఊపితిని,
అవుననో కాదనో నాకే తెలీదు.
బిడ్డ మాత్రం వెతకడం మాని నిద్రపోయింది.

గుడ్లు పగిలిన దినం
ఆ పాము నేరుగా నీళ్ల తొట్టికి పోయింది.
పిల్లల పక్క ఒక్కసారి తిరిగి చూడలే.
చెడ్డ తల్లి అన్నారు చూడొచ్చిన జనం.
నేను అనలేదు, ఆ రాత్రి చూసినోణ్ణి.

నాలుగో దినం చక్రాల కుర్చీలో తెచ్చినారు చెంగమ్మని.
టోపీని చూసింది, తుండుగుడ్డని చూసింది,
పెరిగిన నా గడ్డాన్ని చూసింది.
బిడ్డని అడగలే.
"ఏమన్నా తింటివా?" అనింది.

అప్పుడు గుర్తొచ్చింది, తినలేదని.