నువ్వు

కొన్ననాడు ఈ టరాంటులా నువ్వుగింజంతే.
అందుకే ఆ పేరు.
ఇప్పుడు నా అరచెయ్యి చాలదు.

డండీలో ఆదివారం, ముసురు.
తుడిచి ఆరబెట్టిన స్నానాల తొట్టిలో
పాత పెట్టె, కొత్త పెట్టె,
నీళ్ళు పోయే కన్నానికి బిరడా.
హైమ గుమ్మం దాటలేదు.
"మూత అందిస్తా, అంతే" అంది,
స్వెటర్ చేతులు గుప్పిట్లోకి లాక్కొని.

మూరెడెత్తు నుంచి పడినా
పొట్ట పగిలి చచ్చే ప్రాణి ఇది.
జడుసుకునేది మాత్రం మనం.

పెరుగు డబ్బా అడ్డంపెట్టి
వెనక కాలిని కుంచెతో తాకాను.
ఒక కాలు కదిలింది. ఆగింది.
ఇంకోటి.
ఊపిరి తగిలితే ఉలిక్కిపడుతుందని
మొహం పక్కకు తిప్పుకున్నాను.
అదే తప్పు.

డబ్బా మీదుగా, నా గ్లవ్ మీదుగా
గోధుమరంగు పరుగు.
తొట్టి గోడ ఎక్కి, జారి, మళ్ళీ ఎక్కుతుంటే
"నువ్వూ!" అని అరిచాను.

మరుక్షణం హైమ మోకాళ్ళ మీద ఉంది.
డబ్బా బోర్లించి, కింద
కరెంటు బిల్లు కవరు దూర్చి,
కొత్త పెట్టెలో మెల్లగా వదిలి,
మూత నొక్కిపట్టి,
అప్పుడు వణికింది.

"నన్నేగా పిలిచావు?"

లోపల ఎనిమిది కాళ్ళూ
తడి కొబ్బరిపొట్టును తడిమి చూస్తున్నాయి.
అవునన్నాను.