తీర్మానం నంబరు ఏడు

కోరం నిండక మూడుసార్లు వాయిదా పడ్డ గ్రామసభ.
రిజిస్టర్ సంకల పెట్టుకొని
ఇల్లిల్లూ తిరుగుతున్న, కార్యదర్శిని గదా.
సంతకం ఒస్తే సంతకం, రాకుంటే ఏలిముద్ర.
పొద్దు గుంకేలోపు కాయితం
కల్వకుర్తి చేరాలె.

మాసమ్మ పల్లికాయ ఒలుస్తున్నది.
బొటనేలికి సిరా పూసినంక
చెయ్యి గాల్లోనే ఆపింది.
"పైన ఏం రాసిన్రో సదువు, బిడ్డా."

చదివిన.
మంచినీళ్ల ట్యాంకు. స్థలం: హైస్కూలు పక్కన.
గ్రామ ప్రజలు ఏకగ్రీవంగా...

"ఎవరు, ఆ ఏకగ్రీవం?
మా వాడకట్టోడైతే కాదు."

నవ్వబోయి ఆగిన.
పక్కింట్లకెంచి ఊశన్న ఒచ్చిండు
సగం గడ్డం నురగతోనే.
"బడి పల్లంల ఉన్నది, మేం గడ్డ మీద.
నీళ్లు ఎదురెక్కుతయా?"
బొంబాయిల సెంట్రింగు పని ఇడిసి
మొన్ననే ఒచ్చిన పిలగాడు
చెంబు వంచి వాకిట్ల వాలు చూపిచ్చిండు.
నీళ్లు బడి దిక్కే పోయినయి,
ఏ పార్టీని అడగకుండ.

ఇగ జూడు,
ఒర్లుకున్నరు, పాత పొలంగట్ల పంచాదులు తవ్వుకున్నరు,
నడుమల ఎవరో చాయ్ తెచ్చిన్రు.
లెక్కేస్తే ఎనభై నాలుగు మంది.
కోరం నిండింది. ఆ ముచ్చట ఎవరికీ చెప్పలే.

'ఏకగ్రీవంగా' కొట్టేసిన.
మీద రాసిన: తగువులాడి, ఒప్పుకొని.
ఇద్దరు ఒప్పుకోలె.
వాళ్ల పేర్లూ రాసిన.

రేపు పెద్దసారు అడుగుతడు
ఈ కొట్టివేతలేందని.

మాసమ్మ ఏలుకున్న సిరా
ఎప్పుడో ఎండిపోయింది.
మళ్ల పూయమని చెయ్యి సాపింది.