నడి ఏట్లో చిల్లర

సఖినేటిపల్లి రేవులో పంటు కదిలింది.
కొబ్బరి బొండాల ఆటో, పదకొండు బైకులు,
తొంభై మందిమి.

నడి ఏట్లో ఎవరో కేకేశారు, "శవం!"
తొంభై మెడలు ఎడమకు తిరిగాయి,
మెడల వెనకే కాళ్ళు.
పంటు ఒరిగింది. బల్లల మీదికి నీళ్ళొచ్చాయి.
నేనూ పరిగెత్తాను. ఎందుకో ఇప్పటికీ తెలీదు.
తీరా చూస్తే, వరదకు కొట్టుకొచ్చిన అరటి బోదె.

"కదలకండి! కదలకండి!" కుర్రాళ్ళు అరిచారు.
ఆ అరుపుకే ఇంకో పదిమంది కదిలారు.

సరంగు కొల్లాటి పోసియ్య
చుక్కాని వదల్లేదు, గొంతు పెంచలేదు.
"టిక్కెట్టు డబ్బులు తీయండి. ఎవరి చిల్లర వాళ్ళే."

చేతులు జేబుల్లోకి పోయాయి,
కొంగు ముడుల్లోకి పోయాయి.
తొంభై మందిమీ
మళ్ళీ ఒక్కొక్కరమయ్యాం.
పంటు నిలబడింది.

అవతలి గట్టున ఒకాయన
ఖద్దరు మడత నలక్కుండా మైకు సరిచేసుకుంటున్నాడు.
మేం దిగీ దిగగానే, "మనమంతా ఒక్కటే!" అన్నాడు.
జనం అటు ఒరిగింది.

నా గుప్పిట్లో
ఐదు రూపాయల బిళ్ళ ఇంకా వెచ్చగానే ఉంది.
పోసియ్య అడిగాడే గాని
తీసుకోలేదు.