మూడో చుక్క

ఉప్పుటేరు గట్టున షెడ్డు గోడకి
ఆరు ఏరియేటర్లకి ఆరు పచ్చ చుక్కలు.
ఆ రాత్రి మూడోది కాస్త మసగ్గా ఉంది,
నిద్రమత్తులో ఉన్న పిల్లాడి కన్నులా.
వెలుగుతోంది కదా అని దుప్పటి లాక్కున్నాను.

తెల్లారేసరికి మూడో చెరువులో రొయ్యలు
అంచుకొచ్చి తేలున్నాయి.
మోటారు ఎప్పుడు ట్రిప్పయిందో
చుక్క నాకు చెప్పలేదు.

ఆకివీడు నుంచి ఏసుపాదం వచ్చాడు.
స్విచ్చి ఆపాడు. చుక్క ఆరలేదు.
"ఇది కరెంటు కాదండీ, కరెంటు వాసన.
ఆరు తీగలు ఒకే కేబుల్లో
మూడొందల గజాలు రాసుకుంటా వచ్చాయి,
పక్కోడి పరుగు దీనికి అంటుకోదా?
పాత బల్బయితే ఇంతమాత్రానికి కన్నెత్తేది కాదు.
ఎల్‌ఈడీ మహా పొదుపరి, ఆయ్,
గుక్కెడు దొరికినా బతికేస్తది."

జేబులోంచి రెసిస్టరు తీశాడు,
రొయ్యపిల్లంత, ఒంటినిండా రంగు పట్టీలు.
దాని రెండు కాళ్ళూ దీపం రెండు కొసలకీ బిగించి
"దారి తప్పొచ్చింది ఇది తాగేస్తది,
అసలుది వస్తే అడ్డం రాదు" అన్నాడు.
ఖాళీగా పడున్న ఏడో తీగని ఎర్తులో కలిపాడు.
మళ్ళీ ఆపాడు.

చీకటి.
అంత చిన్న చీకటిని
అంతసేపు ఎప్పుడూ చూడలేదు నేను.

"ఎంతయ్యా?"
"రెసిస్టరు రెండ్రూపాయలండి. పెట్రోలు మీ ఇష్టం."
చచ్చిన రొయ్యల లెక్క ఇద్దరం ఎత్తలేదు.

నిన్న రాత్రి రెండింటికి మెలకువొచ్చింది.
లెక్కపెట్టాను. ఐదు.
మళ్ళీ లెక్కపెట్టలేదు.
చెప్పులు చీకట్లో దొరకలేదు,
గట్టు బురదలో వట్టి కాళ్ళతోనే పరిగెత్తాను.