మూత తెరవని రాత్రులు

కేప్‌టౌన్‌లో పతకం ఇచ్చారు కత్రీనా బ్యూకెస్‌కి.
నేనూ వెళ్లాను, బావమరిది కోటు తొడుక్కుని.
చేతులు పొట్టి, భుజాలు వదులు.
మూడో వరసలో కూర్చుని
నీళ్లగ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లోనే పట్టుకున్నాను.

వేదిక మీద ఒకాయన చదివాడు:
"పందొమ్మిదేళ్లు, ఒకే జంట నక్షత్రం,
చిన్నది పెద్దదాన్ని గుటక గుటకగా తాగేస్తున్న వైనం,
రెండు వేల నూట నలభై రాత్రుల పరిశీలన."
జనం చప్పట్లు కొట్టారు.
నేను లెక్కేసుకుంటున్నాను.
తప్పు లెక్క అది.
మబ్బు రాత్రులు కలపలేదు.

సదర్లాండ్ కొండ మీద గోపురం మూత తీసేది నేనే.
తీయనిదీ నేనే.
గాలి గంటకు అరవై దాటితే తీయను.
తేమ అద్దం మీద ఊపిరిలా వాలితే తీయను.
మంచు కురిసిన ఒక జూలైలో, వరసగా పదకొండు రాత్రులు,
ఆవిడ హీటర్ పక్కన మేజోళ్లు ఆరేసుకుంటూ
అరగంటకోసారి అడిగేది:
"దావిద్, ఇప్పుడు?"
నేను బయటికెళ్లి మొహం పైకెత్తి నిలబడేవాణ్ణి.
మబ్బు సంగతి మొహానికి తెలుస్తుంది, యంత్రానికి కాదు.
లోపలికొచ్చి తల అడ్డంగా ఊపితే
పుస్తకంలో రాసుకునేది: "మబ్బు. తెరవలేదు."
ఆ రెండు మాటలు ఎన్నిసార్లు రాసిందో
వాళ్ల పత్రంలో లేదు.

ఒక్క రాత్రి గురించి మాత్రం చెబుతాను.
కరూ బయళ్లలో గొర్రెలు కూడా దగ్గడం మానేసిన చలి.
తెర మీద ఆ చుక్క ఉన్నట్టుండి లేచింది,
గోరంత దీపంలో ఎవరో గుప్పెడు నూనె వంపినట్టు.
ఆవిడ అరవలేదు.
నా మోచేతి మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.
ఆ వెలుగు బయల్దేరిన నాటికి
ఈ కొండకి ఈ పేరు లేదు,
నా ఇంటిపేరు మా వాళ్లకి ఇంకా ఎవరూ తగిలించలేదు.
అంత దూరం వచ్చి
నేను తీసి ఉంచిన సందులోంచి దూరింది.

వేదిక మీంచి ఆవిడ ఒక పేరు చెప్పింది.
దావిద్ యాఫ్తా.
అందరూ వెనక్కి తిరిగారు.
నేనూ తిరిగాను, ఎవరా అని.

వారం తర్వాత కొండెక్కి వచ్చింది
పతకాన్ని ఉన్ని మేజోడులో దూర్చుకుని.
వంటింటి తానీ సానా చేతులు తుడుచుకుని
అరచేతిలో తూకం చూసింది:
"దీనికి ఒక పొట్టేలు వస్తుందా?"
"రెండొస్తాయి" అన్నాను, తెలియకపోయినా.

ఆ రాత్రి ఆకాశం కడిగి బోర్లించిన పళ్లెం.
మూత తీశాను, గొలుసులు కిర్రుమన్నాయి.
గోపురంలో ఏదీ మెరవకూడదు, అది మా నియమం.
గడియారం ముల్లుకి కూడా నల్ల టేపు అంటించాను నేను.
బల్ల మీది పతకం
ఉత్త చుక్కల వెలుతురుకే మిణుకుమంది.
ఆవిడ నావైపు చూసింది.
నేనేమీ అనలేదు.
తనే తీసి, రస్కుల డబ్బాలో వేసి, నొక్కి మూసింది.

తర్వాత ఎప్పటిలాగే
కుర్చీ దగ్గరకు లాక్కుని అడిగింది:
"దావిద్, ఇప్పుడు?"