సొట్టకి మార్కుల్లేవు

ఆదివారం. ఏడవడానికి పది నిముషాలుంది.
నెబ్రాస్కాలో మూతబడ్డ విమానాల మైదానం.
రన్‌వే పగుళ్ళలో గడ్డి మొలిచింది,
గాలి ఒక్కటే ఇంకా టేకాఫ్ అవుతోంది.
నారింజరంగు కోన్లు పేర్చే కుర్రాళ్ళకి
ఒకటి నిలబెట్టేలోగా రెండు దొర్లిపోతున్నాయి.

నా పేరు ఆర్విడ్.
ముప్ఫయ్యొక్క ఏళ్ళు స్కూలు బస్సుల బ్రేకులు బిగించాను.
ఇప్పుడు నా సరంజామా ఒక అట్ట, ఒక పెన్ను, ఒక టార్చి,
వంగితే లేవనని మొరాయించే ఎడమ మోకాలు.

వరసలో ఏడో కారు.
బంపర్‌కి అడ్డంగా ఒకమ్మాయి నిలబడింది,
చొక్కా చిరుగుని చేత్తో కప్పుకున్నట్టు.
"జింక" అంది, నేనేమీ అడక్కుండానే.
"గురువారం రాత్రి. దానికేం కాలేదు,
లేచి మొక్కజొన్న చేలోకి పోయింది.
నా కారుని వెనక్కి పంపేస్తారా?"

"కాస్త జరుగమ్మా" అన్నాను.

కుడి చెంప లోపలికి పోయింది.
ఒక హెడ్‌లైటు సగం కన్ను మూసి చూస్తోంది.
గ్రిల్లు సందులో నాలుగు గోధుమరంగు వెంట్రుకలు.
రేకు మీద అరచెయ్యి వేసి ఊపాను, కదల్లేదు.
అంచు వెంట వేలు నడిపాను, తెగలేదు.
బంపర్ మూల ఒకటి వేలాడుతోంది, దానికి టేపు చాలు.
సొట్టకి మార్కుల్లేవు.
మా కాగితంలో అందానికి గడి లేదు.

ఉన్న గడులు వేరు.
చక్రాన్ని పైనా కిందా పట్టి కుదిపాను,
పాలపన్ను ఊగుతోందా అని చూసే తండ్రిలా.
నట్లన్నీ ఉన్నాయి.
"బ్రేకు తొక్కు. రాయిలా ఉందా, రొట్టెలా ఉందా?"
"రాయి."
సీటు కింద ఏమీ దొర్లడం లేదు.
హెల్మెట్ మీద చీటీ కొత్తదే.
ఆ పిల్ల భుజాలు ఒక అంగుళం కిందికి దిగాయి.

అప్పుడు బానెట్ ఎత్తాను.

బ్యాటరీని రెండు వేళ్ళతో తోస్తే
పళ్ళెంలో జున్నుముక్కలా జరిగింది.
బిగింపు పట్టీ లేదు. అది ఉండాల్సిన చోట
ఏడాది నాటి తుప్పు.
జింక చేసిన పని కాదిది.
ఎవరో కొత్త బ్యాటరీ పెట్టి, పట్టీ మరిచి, డబ్బులు తీసుకున్నారు.
చలికాలమంతా ఈమె దీనితోనే కాలేజీకి వెళ్ళొచ్చింది.

"ఇలాగైతే సంతకం పెట్టలేను."
"కానీ సొట్ట పరవాలేదన్నారుగా?"
"సొట్ట సంగతి కాదు."

ఒకసారి, ఇరవై ఏళ్ళ కిందట, మంచు పడే ముందు,
పోనీలే అని ఒక బస్సుకి సంతకం పెట్టాను.
ఏమీ కాలేదు. పిల్లలందరూ ఇళ్ళకి చేరారు.
ఆ ఏమీ కాకపోవడమే
ఇప్పటికీ తెల్లవారుఝామున మూడింటికి నన్ను లేపుతుంది.
ఆ మాట ఈమెకి చెప్పలేదు.
"ఎనిమిదిన్నర దాకా టైముంది" అన్నాను.

ఎలాస్టిక్ తాడు తెచ్చింది. వద్దన్నాను.
షూలేసు విప్పబోయింది. దానికి నవ్వాను, తప్పే.
చివరికి గార్త్ వచ్చాడు,
అద్దంలా తుడిచిన వెండిరంగు కారు వాడు,
ఈమె తరగతిలోనే పోటీ పడేవాడు.
తన ట్రెయిలర్ నుంచి ఒక పట్టీ, రెండు బోల్టులు తెచ్చి
మాట్లాడకుండా బోర్లా వంగాడు.
ఎనిమిదీ ఇరవై రెండుకి మళ్ళీ తోసి చూశాను.
బ్యాటరీ కదల్లేదు. కారే కాస్త ఊగింది.

సంతకం గడిలో ఆర్విడ్ అని రాశాను, నిదానంగా.

యాభై ఎనిమిది సెకన్లు పట్టింది మార్నీకి,
పడగొట్టిన రెండు కోన్లకి ఇంకో నాలుగు.
మలుపులో బంపర్ టేపు ఒక కొస ఊడి
పటం తోకలా రెపరెపలాడింది.
గార్త్ కంటే చాలా వెనక.

తిరిగొచ్చి, హెల్మెట్ తీసి, తడిసిన జుట్టుతో
గ్రిల్లు ముందు గొంతుక్కూచుంది.
"ఈ వెంట్రుకలు తీసెయ్యాలా?" అడిగింది.

అట్ట తిరగేసి చూశాను.
"కాగితంలో లేదు" అన్నాను.