పదో వరస

బ్రెడ్డు కార్ఖానా మూసేస్తూ పారేసిన కంప్యూటర్ని
తోపుడుబండిలో వేసుకొచ్చాడు కలోయాన్, మూడో అంతస్తు కుర్రాడు.
"బామ్మా, ఇవి నువ్వే చేసేదానివటగా!"
చెయ్యలేదురా. తప్పులు పట్టేదాన్ని.

వంటింటి బల్ల మీద
ఊరబెట్టిన మిరపకాయల సీసాలు పక్కకి జరిపి మూత విప్పాను.
ఇటుకంత బరువు. ఇరవై మెగాబైట్లు.
వాడి ఫోనులో నాలుగైదు ఫొటోలకి సరి.
మీట నొక్కితే ముందు మూలిగింది,
తర్వాత ఈల అందుకుంది.

ఫార్మాట్ అంటే తుడిచెయ్యడమనుకున్నాడు వాడు.
కాదు, గీతలు గియ్యడం.
ఆరువందల పదిహేను వలయాలు, నాలుగు ముఖాలు,
ఒక్కో గీతా పదిహేడు ముక్కలు.
గీసేముందు దానికి చెప్పాలి,
ఎక్కడ రాయకూడదో.

అందుకే పైన అంటించిన కాగితం:
చెడ్డ చోట్ల జాబితా, చేతిరాతలో.
ఏడు అంకె కాలిదగ్గర చిన్న వంకీ.
నెద్యాల్కాది.
రాత్రి షిఫ్టులో నా ఎదుటి బల్ల ఆమెది,
వేళ్ళు కత్తిరించిన ఉన్ని తొడుగులు.

తొమ్మిది దాకా మాఫీ.
పదోది దొరికితే డిస్కు తుక్కులోకి.
ఆ డిసెంబర్లో కోటా తగ్గింది.
ఫోర్‌మన్ ఆమెనడిగాడు. తల నిలువుగా ఊపింది,
మా బల్గేరియాలో అది కాదనడం.
నన్నడిగాడు.
నేను అడ్డంగా ఊపాను.

సిరాతో కొట్టేసిన పదో వరస,
దానికింద నా సంతకం.
ఆమెని ప్యాకింగుకి మార్చారు.
తర్వాత ట్రామ్ స్టాపులో ఎదురుపడితే
మంచు గురించి మాట్లాడుకునేవాళ్ళం.

తెర అడుగుతోంది: వలయం ఎంత? ముఖం ఎంత?
వాడు చదువుతుంటే నేను కొడుతున్నాను.
తొమ్మిదీ అయ్యాయి.
ఇంకా ఉన్నాయా? అవునా, కాదా?

"లేవు బామ్మా. కిందదేదో కొట్టేశారు, కనబడదు."

అవునని కొట్టాను.
నాలుగువందల పదిహేడు. రెండు.
కాగితం వైపు చూడలేదు.
వాడు మాత్రం నా వైపు చూశాడు.

టిక్కు టిక్కుమంటూ
గీసుకుంటూ పోయింది గంటసేపు.
మేం రొట్టె, మిరపకాయలు తిన్నాం.
వాడికి కారం తగిలి కళ్ళు తుడుచుకుంటే
నేనూ తుడుచుకున్నాను.

అన్నీ అయ్యాక పేరు పెట్టమంది,
పదకొండు అక్షరాల్లోపు.
తన పేరు పెడదామన్నాడు. ఏడక్షరాలే, చక్కగా పడుతుంది.
"దీనికి పేరుందిరా," అన్నాను.

ఎనిమిది పట్టాయి.
మిగిలిన మూడూ ఖాళీ వదిలేశాను.